విట్బీ నుంచి నాన్నకు

శనివారం పొద్దున, రైల్లో

నాన్నా,

అక్షరాలు వంకరగా ఉంటే తిట్టకు, బండి ఊగిపోతోంది. చీకటితోనే మాంచెస్టర్‌లో బయల్దేరి, మిడిల్స్‌బ్రోలో ఈ చిన్న రైలు ఎక్కాను. ఇందాక బ్యాటర్స్‌బీ అనే స్టేషన్లో ఆగింది. డ్రైవరు దిగి, ప్లాట్‌ఫారం మీద తాపీగా నడుచుకుంటూ అటు చివర గదిలోకెళ్ళి కూర్చున్నాడు. బండి వెనక్కి మళ్ళి ఇంకో పట్టాలెక్కింది. మన విశాఖలో లాగే, కాకపోతే ఇంజను మార్చే గొడవ లేదు. కొండల మీద వాన. నా గొంతు నిన్నటి నుంచీ గరగర. అమ్మకు చెప్పకు.

ఎదురు సీట్లో మాంచెస్టర్ మోస్టన్ పేట పెద్దాయన ఒకాయన, మెడలో ఎర్ర మఫ్లరు. మేమిద్దరం ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ ఫుట్‌బాల్ ఆటకే వెళ్తున్నాం. 2005లో గ్లేజర్ కుటుంబం పెద్ద యునైటెడ్‌ను, అంటే మాంచెస్టర్ యునైటెడ్‌ను, కొనేస్తే, ఒళ్ళుమండిన అభిమానులు విడిగా పెట్టుకున్న క్లబ్బు ఇది. సభ్యులే యజమానులు, ఎంత డబ్బు పెట్టినా మనిషికి ఒకటే ఓటు. ఆడేది పైనుంచి ఏడో మెట్టులో. ఈయన అప్పటినుంచీ పెద్ద యునైటెడ్ గడప తొక్కలేదట. అరవై దాటాయని టికెట్లో మూడో వంతు తగ్గించారని నాకు కార్డు తీసి మరీ చూపించాడు. నీకూ దాటాయిగా, వస్తే నీకూ ఇస్తారు. మోకాళ్ళ వంక చెప్పకు.

శనివారం రాత్రి, విట్బీ

దిగేసరికి ఎండ. కొండమీద పాడుబడిన మఠం, దానికి 199 మెట్లు. కింద నుంచే దణ్ణం పెట్టాను.

అసలు కథ తిండిది. ఈ ఊరంతా చేపలు, చిప్సు వాసన. కానీ యార్క్‌షైర్‌లో చాలాచోట్ల వాటిని గొడ్డు కొవ్వులో వేయిస్తారు. కొట్టు కొట్టుకీ వెళ్ళి "ఏ నూనె?" అని అడగడం, వాళ్ళు గర్వంగా అదే పేరు చెప్పడం, నేను బయటికి రావడం. ఆ రుచి ఇంకెక్కడా రాదని ఒకాయన నాకు పాఠం కూడా చెప్పాడు. ఆకలికి కళ్ళు తిరుగుతుంటే చివరికి గ్రౌండులో టీ అమ్మే కొట్టావిడ నూనె డబ్బా తిప్పి, మీద రాసింది చదువుకోమంది. పొద్దుతిరుగుడు! చిప్సు, మెత్తగా ఉడికించిన బఠాణీ ముద్ద, పైన వెనిగర్. ఉప్పూ కారం లేని ఆ ముద్ద కోసం నేను వేళ్ళు నాక్కున్నానంటే అమ్మ నమ్మదు.

ఇక ఆట. ఫొటోలు తీస్తానని ముందే ఉత్తరం రాసి ఒప్పుకోలు తీసుకున్నాను కాబట్టి, ఆరంజి బనీను తొడిగి గోల్ పక్కన కూర్చోనిచ్చారు. కెమెరాకు నువ్వు పెళ్ళిళ్ళలో వాన వస్తే కట్టే పాలిథిన్ కవరే. మొదటి అరగంట చక్కటి వెలుతురు, షట్టరు వెయ్యో వంతు, ఐఎస్ఓ నాలుగొందలు. తర్వాత గాలి సముద్రం వైపు నుంచి తిరిగింది. ఏప్రిల్లో ఉత్తర సముద్రం నీళ్ళు ఇంకా చల్లగానే ఉంటాయి. వాటిమీద వెచ్చటి గాలి చేరితే పొగమంచు పుట్టి, గట్టుమీదికి ఎక్కేస్తుందట. ఫ్లడ్‌లైట్లు వేశారు, దాంతో తెలుపు ఇంకా తెల్లబడింది. ఐఎస్ఓ మూడువేలు దాటించినా ఆటోఫోకస్‌కు పట్టు దొరకదు. అవతలి గోల్ మాయం. అక్కడ గోలు పడిందని మాకు తెలిసింది విట్బీ వాళ్ళ కేకలతోనే. పెద్దాయన "ఎవరు కొట్టారు?" అన్నాడు. ఎవరికి తెలుసు!

చేసేది లేక కెమెరా వెనక్కి తిప్పాను. ఇక్కడ రెండు జట్ల జనాన్నీ వేరుచేసే కంచెల్లేవు. విరామంలో మావాళ్ళంతా జెండాలు విప్పుకుని, బీరు గ్లాసులు పట్టుకుని, అవతలి గోల్ వెనక్కి ఊరేగింపుగా నడిచారు, మనవాళ్ళు ఇప్పుడు కొట్టాల్సింది అటేగా అని. ఆటకు ఎదురుగా నిలబడి తాగడం పెద్ద మ్యాచుల్లో 1985 చట్టం ప్రకారం నేరం, ఇక్కడ ఫరవాలేదు. పొగమంచులోంచి ఒక్కొక్క మొహం బయటికొస్తుంటే తీస్తూనే ఉన్నాను. నువ్వు "ఇటు చూడండి, రెడీ" అంటావుగా, వీళ్ళలో ఒక్కరూ ఇటు చూడలేదు. బంతి కనపడకపోయినా పాడుతూ దానివైపే చూస్తున్నారు. ఈ ప్రయాణంలో నాకు దక్కినవి ఈ మొహాలే. బంతి ఉన్న ఫొటోలు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి.

ఓడిపోయాం. స్కోరు బావకు చెప్పను.

ఆదివారం, యార్క్ స్టేషన్

గొంతు పూర్తిగా పోయింది, జ్వరం కూడా ఉన్నట్టుంది. రైలు ఆలస్యం. పక్క బెంచీ మీద ఎవరో పిల్లాడు డబ్బాలోంచి మామిడిపండు రసం పీలుస్తుంటే ఏడుపొచ్చింది, చెబితే సిగ్గుచేటు. తెనాలిలో ఎండలు ముదిరాయా? ఆవకాయకు కాయలొచ్చాయా? ఈసారి అమ్మను నూనె కాస్త ఎక్కువే పొయ్యమను, నా వాటా పక్కన పెట్టమను.

తమ్ముడు డ్రోన్ కొన్నాడట, నాకెవరూ చెప్పరు. ఫొటోలు రేపు పంపిస్తాను, మన స్టూడియోలో పెద్ద సైజులో రెండు వేయించు. కానీ వాడితో గట్టిగా చెప్పు నాన్నా, పెళ్ళి ఆల్బంలలో చేసినట్టు పొగమంచు చెరిపేసి వెనకాల నీలాకాశం అతికిస్తే ఊరుకోను.

నీ
పెద్దమ్మాయి