మొదటి సెలైన్‌కు ముందు దొరికే వ్యవధి

గుంటూరు ప్రభుత్వ సమగ్ర వైద్యశాల ఆవరణలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ విభాగానికి పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప గ్రామాల నుంచి రోగులు వస్తారు. వారిలో పెళ్లి కాని యువతులూ, ఇంకా రజస్వల కాని బాలికలూ ఉంటారు. రోగం పేరు తేలిన నాటి నుంచి మొదటి విడత కీమోథెరపీ మందు సెలైన్‌లో కలిసి నరంలోకి ఎక్కే నాటి వరకు కొద్ది రోజులు, మహా అయితే రెండు మూడు వారాలు వ్యవధి దొరుకుతుంది. ఆ అమ్మాయి ముందుముందు తన సొంత అండంతో తల్లి కాగలదా అన్నది చాలావరకు ఆ కొద్ది రోజుల్లోనే తేలిపోతుంది గనుక, ఈ ప్రాంతంలో సంతానశక్తి పరిరక్షణ ఎలా ఉందో చూడదలచిన పర్యటన ఈ ఆవరణలో మొదలై, అదే నగరంలో నర్సింగ్ హోమ్‌లకు పేరుబడ్డ కొత్తపేటకూ, అక్కడి నుంచి చిలకలూరిపేట దాటి పర్చూరు వైపు ఊళ్లకూ సాగక తప్పదు.

ఆడశిశువు తల్లి కడుపులో ఐదో నెలలో ఉండగా ఆమె అండాశయాల్లో 60 నుంచి 70 లక్షల అండకణాలు ఉంటాయి. పుట్టేనాటికి అవి 10 నుంచి 20 లక్షలకు, రజస్వల అయ్యేనాటికి 3 నుంచి 4 లక్షలకు తగ్గుతాయి, జీవితకాలంలో విడుదలయ్యేవి 400 నుంచి 500 మాత్రమే. తరిగిపోయినవి తిరిగి పుట్టవు. ఈ నిల్వ 40 ఏళ్ల లోపే అడుగంటి అండాశయాలు పని మానేయడాన్ని అకాల అండాశయ వైఫల్యం అంటారు. నాలుగు నెలలకు పైగా నెలసరి రాకపోవడం, అండాశయాలను పని చేయించడానికి మెదడు కింది గ్రంథి విడుదల చేసే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోను రక్తంలో 25 యూనిట్లకు మించడం దీనికి ఆనవాళ్లు. సైక్లోఫాస్ఫమైడ్ వంటి క్యాన్సర్ మందులు, పొత్తికడుపుకిచ్చే రేడియేషన్, అండాశయాలపై పదేపదే జరిగే శస్త్రచికిత్సలు, రెండో ఎక్స్ క్రోమోజోము పూర్తిగానో పాక్షికంగానో లోపించే టర్నర్ సిండ్రోమ్, కుటుంబంలో వచ్చే జన్యులోపాలు దీనికి తెలిసిన కారణాలు. ఏ కారణమూ దొరకని వారు కూడా తక్కువేమీ కాదు.

కొత్తపేటలోని ఒక సంతాన సాఫల్య కేంద్రపు ప్రయోగశాలలోకి వెళ్లాలంటే చెప్పులు బయట విడిచి, తలకు టోపీ, ముఖానికి మాస్కు పెట్టుకోవాలి. సెంటు గానీ ఫినాయిలు వాసన గానీ లోపలికి రానివ్వరు, గాలిలో కలిసే ఆవిరులు అండాలకు హాని చేస్తాయి. లోపల వెలుతురు మందంగా ఉంటుంది. సూదితో అండాశయం నుంచి తీసిన ద్రవాన్ని వెచ్చని పళ్లెంలో పోసి సూక్ష్మదర్శిని కింద వెతుకుతున్నప్పుడు, పలుచని మబ్బుతునక లాంటి కణాల గుంపు మధ్య గుండ్రని అండం కనిపిస్తుంది; దాని వ్యాసం మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త ఎక్కువ. చుట్టూ ఉన్న కణాలను ఒలిచి, పక్వమైన అండాలను ఏరి, వాటిలోని నీటిని లాగేసే ద్రావణాల్లో కొన్ని నిమిషాలు ఉంచాక, సన్నని ప్లాస్టిక్ పట్టీ కొసన అతి చిన్న బొట్టులో ఒకటి రెండు అండాలను నిలిపి మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచుతారు. అంత వేగంగా చల్లబడినప్పుడు మంచు పలుకులు ఏర్పడవు, లోపలిదంతా గాజులా గట్టిపడుతుంది. పాత పద్ధతిలో నెమ్మదిగా గడ్డకట్టించినప్పుడు ఆ పలుకులే అండాన్ని చీల్చేవి. గుంటూరు చుట్టుపక్కల శీతల గిడ్డంగుల్లో మిరప బస్తాలు కూడా చల్లదనంలోనే నిలవ ఉంటాయి గానీ అక్కడ చెడిపోవడం నెమ్మదిస్తుందే తప్ప ఆగదు, ఇక్కడ కాలమే ఆగిపోతుంది. పట్టీ మీద పేరు, సంఖ్య రాసి, డబ్బాలో నైట్రోజన్ మట్టాన్ని కొలబద్దతో చూసి పుస్తకంలో నమోదు చేయడం అక్కడి సిబ్బందికి నిత్యకృత్యం.

ఈ అండాలను సేకరించడానికి సుమారు పది పన్నెండు రోజులు హార్మోను ఇంజెక్షన్లు ఇవ్వాలి. ఒకప్పుడు నెలసరి వచ్చేదాకా ఆగేవారు, ఇప్పుడు నెలలో ఏ రోజైనా మొదలుపెట్టవచ్చునని తేలడంతో రెండు వారాల్లో పని పూర్తవుతుంది. రొమ్ము క్యాన్సర్ ఉన్నవారికి ఈస్ట్రోజెన్ పెరగకుండా లెట్రోజోల్ మాత్ర తోడుగా ఇస్తారు. పెళ్లి కాని అమ్మాయిల విషయంలో తల్లులు అడగలేక అడిగే సందేహం యోనిమార్గం గుండా జరిగే స్కానింగు, సూది ప్రక్రియల గురించే. స్కానింగు కడుపు మీదుగా చేయవచ్చు, కొందరికి అండాల సేకరణ కూడా ఆ దారినే సాధ్యం. ఈ మాట డాక్టరు తానుగా ముందే చెప్పకపోతే ఎన్నో కుటుంబాలు మౌనంగా వెనుదిరుగుతాయి.

రజస్వల కాని బాలికకు ఇంజెక్షన్లతో అండాలు పక్వం కావు. అలాంటివారికి కడుపుపై చిన్న రంధ్రాల ద్వారా అండాశయం పైపొరను ముక్కగా తీసి గడ్డకట్టించి, వ్యాధి నయమయ్యాక తిరిగి అతికించే పద్ధతి ఉంది. ఇలా తిరిగి అతికించిన కణజాలం వల్ల తొలి జననాన్ని 2004లో బ్రస్సెల్స్‌లో వైద్యుడు జాక్ డోనె బృందం ప్రకటించింది. థలసీమియాకు మూలుగ మార్పిడి చేయించుకోవడానికి ముందు, తొమ్మిదేళ్ల వయసులో అండాశయ కణజాలం దాచుకున్న దుబాయ్ యువతి 2016లో లండన్‌లో బిడ్డను కన్నది. రక్త క్యాన్సర్ ఉన్న పిల్లల్లో మాత్రం ఆ ముక్కలోనే క్యాన్సర్ కణాలు దాగి ఉండవచ్చు గనుక తిరిగి అతికించడానికి వైద్యులు జంకుతారు. నెలనెలా ఇచ్చి అండాశయాలను నిద్రపుచ్చే ఇంజెక్షను రొమ్ము క్యాన్సర్ రోగులకు కొంత రక్షణ ఇస్తుందని తేలింది. అది చిన్న పట్టణంలోనూ అందగలదు, కానీ అండాల నిల్వకు తోడుగానే తప్ప బదులుగా నిలవదు.

2019 సెప్టెంబరులో గుంటూరులోని అహల్య నర్సింగ్ హోమ్‌లో డెబ్బై ఏళ్లు దాటిన మహిళ దాత అండంతో కవలలను కన్నప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది. హార్మోన్ల ఆసరాతో గర్భసంచి ఆ వయసులోనూ బిడ్డను మోయగలదు గానీ అండం మాత్రం వేరొకరిది కావలసి వచ్చిందన్న అసలు సంగతి ఆ ఆశ్చర్యంలో మరుగునపడింది. 2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికతల చట్టం ఈ సేవలు పొందే స్త్రీల వయసును 21 నుంచి 50 ఏళ్లకు పరిమితం చేసింది. పెద్ద వయసు గర్భాలను అదుపు చేయడం సబబే. కానీ ఆ చట్టం ప్రధానంగా సంతానం కోరి వచ్చే పెద్దలను దృష్టిలో ఉంచుకొని రాసినది కావడంతో, పదిహేనేళ్ల క్యాన్సర్ రోగి ఎక్కడ ఇముడుతుందన్న ప్రశ్న డాక్టర్లను తటపటాయింపజేస్తుంది. కీమోథెరపీకి ప్రభుత్వ వైద్య పథకం ఆదుకున్న ఇంటివారికే అండాల నిల్వ ఖర్చు సొంతంగా భరించవలసి రావడం మరింత బాధాకరం.

పర్చూరు వైపు ఊళ్లలో మిరప కోతల కాలంలో కల్లాల దగ్గర పనిచేసే తల్లులను వారి నెలసరి ఏ వయసులో ఆగిందని అడిగితే, గర్భసంచి తీయించుకున్నామనే జవాబు తరచుగా వస్తుంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ జరిగినవారు దేశంలో 3 శాతం చిల్లర ఉండగా ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతానికి చేరువగా ఉన్నారు. అనవసరంగా గర్భసంచులు తొలగించడంపై 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు మార్గదర్శకాల అమలును ఆదేశించింది. తెల్లబట్టకో, అధిక రక్తస్రావానికో, క్యాన్సర్ భయానికో జరిగిన ఆ ఆపరేషన్ వల్ల కలిగిన నష్టంలో ఒకటి ఎవరి లెక్కలోకీ రాలేదు: తల్లికో పిన్నికో మేనత్తకో ముట్లు తొందరగా ఉడిగాయన్న సమాచారం కూతురికి అకాల వైఫల్యం రావచ్చునని చెప్పే ముఖ్యమైన సూచన, ముప్పై అయిదేళ్లకే గర్భసంచి పోయిన ఇంట్లో ఆ సూచన ఇక దొరకదు.

అందువల్ల ఆ ఇంటి అమ్మాయి శరీరమే సూచన కావలసి వస్తుంది. ఆమెకు నాలుగు నెలలు నెలసరి రాకపోతే రక్తం తక్కువని మాత్రలు ఇచ్చి సరిపెట్టడమో, సంబంధాలు చూసే వయసని దాచిపెట్టడమో ఊళ్లలో సాధారణం. ఎఫ్‌ఎస్‌హెచ్, అండాల నిల్వను అంచనా కట్టే ఏఎంహెచ్ అనే పరీక్షలు అప్పుడే చేయిస్తే, నిల్వ ఇంకా మిగిలి ఉన్నవారికి అండాలను దాచుకునే అవకాశం ఉంటుంది, మిగలనివారికి ఎముకలూ గుండే దెబ్బతినకుండా సహజంగా ముట్లుడిగే వయసు దాకా హార్మోను చికిత్స అందుతుంది.