డోలో లేని డబ్బా

హోసూరు బస్టాండు చుట్టుపక్కల ఏ మందుల షాపు ముందైనా సాయంత్రం పూట కాసేపు నిలబడి చూడండి. తమిళం, కన్నడం, తెలుగు కలగలిసిన ఆ రద్దీలో చీటీ లేకుండా మందు అడిగేవాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళలో కుక్క కోసం వచ్చినవాళ్ళూ ఉంటారు.

"జొరమొచ్చినట్లుందన్నా, ఏమన్నా ఇయ్యి."

"ఎవరికి?"

"మా బ్రూనోకి."

"అది కుక్క కదప్పా, డాక్టరుకి చూపించు" అని పంపేసే షాపాయన మంచివాడు. "పిల్లోళ్ళ సిరప్పు సగం పొయ్యి, ఏమీ కాదు" అనే ఆయనా మంచివాడే, కానీ ఆ మంచితనం ప్రమాదం.

పశువుల సంగతి తెలియని ఊరేం కాదు మాది. పక్కనే ఉన్న మత్తిగిరి పశువుల ఫారం 1824లో, కుంపిణీ దొరల కాలంలో మొదలైంది. ఎద్దుకు కడుపుబ్బితే ఏం చేయాలో, ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే ఎవరిని పిలవాలో తళి, కెలమంగలం పల్లెల్లో ఏ ముసలమ్మను అడిగినా చెబుతుంది. కుక్క దగ్గరికి వచ్చేసరికే ఈ తెలివంతా తికమక పడుతుంది. పల్లెలో దాన్ని చిన్న ఆవు అనుకుంటాం. టౌనులో చిన్న మనిషి అనుకుంటాం. ఆవులకు పూసే పిడుదుల మందు అదే మోతాదులో కుక్కకూ పూస్తారు అక్కడ. అది ఒళ్ళంతా నాకి కడుపులోకి దింపుకుంటుంది. ఇక్కడ అపార్టుమెంట్లలో "మా పిల్లాడే" అంటూ పిల్లాడి మందే పోస్తారు.

జొరానికి మనం వేసుకునే పారాసిటమాల్ బిళ్ళ, డోలో లెక్క ఒక్కసారి చూడండి. 65 కిలోల మనిషి డోలో 650 ఒకటి వేసుకుంటే ఒంటి బరువులో కిలోకు 10 మిల్లీగ్రాములు పడుతుంది. అదే బిళ్ళను 6 కిలోల పమేరియన్‌కు పెరుగన్నంలో కలిపి పెడితే కిలోకు 100 దాటుతుంది. ఆ మోతాదులో పారాసిటమాల్ కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది, రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గిపోతుంది. గులాబీరంగులో ఉండాల్సిన చిగుళ్ళు మట్టిరంగుకు తిరుగుతాయి. పిల్లికైతే ఒక్క బిళ్ళే ప్రాణాంతకం. ఒళ్ళునొప్పులకు మనం వేసుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇంకా అన్యాయం, కడుపులో పుండ్లు చేసి కిడ్నీల మీద పడతాయి. అందుకే కుక్క ఉన్న ఇంట్లో మందుల డబ్బా సర్దుకోవాలంటే ముందు ఏమేం పెట్టకూడదో తేల్చుకోవాలి. నొప్పి బిళ్ళలు పెట్టకూడదు. మిగిలిపోయిన యాంటీబయాటిక్కులు పెట్టకూడదు. మనుషుల మందుల పెట్టెలోనే ఒక మూల దాని సామాను సర్దడం అసలే వద్దు. కంగారులో చెయ్యి అలవాటైన అట్ట మీదికే పోతుంది.

ఇక డబ్బాలో ఉండాల్సినవి పెద్ద ఖరీదైనవేం కావు. గాజుగుడ్డ చుట్ట, దూది, క్రేప్ బ్యాండేజీ, కాగితపు టేపు, మొన మొద్దుగా ఉన్న కత్తెర, పట్టకారు, చేతి తొడుగులు, సూది లేని సిరంజీ ఒకటి, 100 మిల్లీలీటర్ల సలైను సీసాలు రెండు. బెటాడిన్ ఉంచుకోవచ్చు గానీ నేరుగా పోయకండి. నీళ్ళలో కలిపి పల్చటి టీ రంగుకు తెచ్చి వాడాలి. గాయం మీద మన ఇళ్ళలో కాఫీపొడి అద్దే అలవాటుంది. కుక్క దాన్ని నిమిషంలో నాకేస్తుంది, కెఫీన్ దానికి విషం. రక్తం ఆగాలంటే గాజుగుడ్డ మడతపెట్టి అయిదు నిమిషాలు అదిమి పట్టడమే. మధ్యమధ్యలో ఎత్తి చూడకుండా ఉండడమే అందులో కష్టం. గోరు కత్తిరించేటప్పుడు లోపలి నరం తెగి రక్తం కారితే మాత్రం వంటింట్లో కార్న్‌ఫ్లోర్ చాలు, చిటికెడు అద్ది నొక్కిపెట్టండి.

అన్నిటికన్నా ముందు చేత్తో నేర్చుకోవాల్సింది మూతికట్టు. మొరిగే కుక్క కరవదంటారు. నొప్పితో ఉన్న కుక్క మొరగకుండానే కరుస్తుంది, ఏడేళ్ళు అన్నం పెట్టిన చేతినైనా సరే. గజమున్నర గాజుగుడ్డ తీసుకుని నడుమ ఒక వదులు ముడితో ఉచ్చు వేయండి. కుక్కకు ఎదురుగా కాకుండా పక్కగా కూర్చుని ఆ ఉచ్చును మూతి మీదుగా జార్చి, ముక్కు ఎముకకు పైన బిగించాలి. రెండు కొసలనూ గడ్డం కిందికి తెచ్చి ఒకసారి మెలేసి, చెవుల వెనక్కి తీసుకుపోయి విల్లు ముడి వేయాలి. లాగితే ఊడిపోయే ముడే కావాలి, ఎందుకంటే వాంతి చేసుకునేటట్టుంటే ఆ క్షణమే విప్పాలి. ఊపిరాడక ఎగపోస్తున్న కుక్కకూ, పగ్‌లాంటి చప్పిడి మూతి వాటికీ ఈ కట్టు పనికిరాదు. దుప్పటి చుట్టి పట్టుకోవాలి. ఇది దెబ్బ తగిలిన రోజు నేర్చుకునే విద్య కాదు. అది హాయిగా పడుకున్న ఆదివారం పూట బిస్కెట్టు చూపించి రెండుమూడుసార్లు అలవాటు చేయాలి. దానికీ, మనకీ.

తర్వాతిది థర్మామీటరు. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. ఒళ్ళు 98 దగ్గర ఉండే మనం చేత్తో తాకితే ప్రతి కుక్కకూ ఎప్పుడూ జొరమే. ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అని చూసేదాంట్లో పసలేదు. డిజిటల్ థర్మామీటరు కొసకు కొబ్బరినూనె రాసి, తోక ఎత్తి, మలద్వారంలోకి అంగుళం లోపే పెట్టి బీప్ అనేదాకా ఆగాలి. 104 దాటితే డాక్టరుకు ఫోను. అది ఎండదెబ్బ అయితే, 106 చూపిస్తే, ముందు నీళ్ళు, తర్వాతే కారు.

ఎండదెబ్బ సంగతి ఈ దారిలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సుమారు 900 మీటర్ల ఎత్తున్న హోసూరును చల్లటి గాలికి తెల్లవాళ్ళు లిటిల్ ఇంగ్లండ్ అన్నారని ఇక్కడ గొప్పగా చెప్పుకుంటాం. బెంగళూరు నుంచి హస్కీలనూ పగ్గులనూ తెచ్చుకుని కాపురం పెట్టినవాళ్ళకు ఆ మాట కొంత నమ్మకం. అదే కుక్కను ఏప్రిల్లో కారెక్కించి జాతీయ రహదారి మీద కృష్ణగిరికి దిగితే వాతావరణమే వేరు. నడుమ టిఫిను కోసమని అద్దం నాలుగు వేళ్ళు దింపి దాన్ని కారులో వదిలేస్తారు. అద్దం దింపినంత మాత్రాన కారు చల్లబడదు. నాలుక వేలాడేసి రొప్పుతూ, చొంగ జిగురుగా కారుస్తూ, తూలుతూ కనిపిస్తే కుళాయి నీళ్ళు ఒళ్ళంతా పోసి గాలి తగలనివ్వండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి లోపలే ఉండిపోతుంది.

కృష్ణగిరికే సొంతమైన ఇంకో ప్రమాదం మామిడి టెంక. జూన్లో తోతాపురి లారీలు గుజ్జు ఫ్యాక్టరీలకు బారులు తీరే కాలంలో తోటల్లోనూ పెరళ్ళలోనూ టెంకలకు కొదవుండదు. తీపి అంటుకున్న టెంకను కుక్క చీకుతూ చీకుతూ గుటుక్కున మింగుతుంది. అది పేగులో అడ్డం పడితే రెండు రోజులు వాంతులు, ముద్ద ముట్టదు, విరేచనం కాదు. "ఆముదం పడితే జారిపోతాది" అని పెద్దవాళ్ళు అంటారు. జారదు. అడ్డం పడ్డచోట పేగు ఇంకా నొక్కుకుంటుంది. దీనికి డబ్బాలో మందు లేదు, స్కానింగూ ఆపరేషనూ తప్ప. ఆదివారం బిరియానీ ఎముకలూ ఉల్లిపాయలూ కూడా ఇదే పద్దులోకి వస్తాయి. ఉల్లి అయితే పేగుకు అడ్డం పడదు, రక్తకణాలను విరగ్గొడుతుంది.

హోసూరు గులాబీలకు పేరున్న ఊరు. ప్రేమికుల రోజుకు విదేశాలకు ఎగుమతయ్యేవీ ఇక్కడి పాలీహౌసుల్లో పూసినవే. పూలున్నచోట పురుగుమందు ఉంటుంది. టమోటా, క్యాబేజీ మళ్ళలోనూ అంతే. కాపలా కుక్క మందు కొట్టిన సాలులో తిరిగొచ్చి చొంగ కారుస్తూ, ఒళ్ళు అదురుతూ, కంటిపాప సూదిమొనంత అయిపోయి పడుకుంటే, చేతికి తొడుగు వేసుకుని సబ్బునీళ్ళతో ఒళ్ళు కడగాలి. విరుగుడు అట్రోపిన్ డాక్టరు దగ్గరే ఉంటుంది. మనం తీసుకెళ్ళాల్సింది పురుగుమందు డబ్బా, కనీసం దాని మీది కాగితం ఫోటో. ఎలకల మందుది ఇంకో మాయ. బ్రోమాడియోలోన్ బిళ్ళ తిన్న కుక్క ఆ రోజూ మర్నాడూ తోక ఊపుతూనే ఉంటుంది. రక్తం గడ్డకట్టే గుణం పోయి ముక్కులోంచో మూత్రంలోంచో రక్తం పడేది నాలుగైదు రోజులకు. తిన్న రోజే తీసుకెళ్తే విటమిన్ కె1తో బతుకుతుంది. బాగానే ఉంది కదా అని ఆగినవాళ్ళు పోగొట్టుకుంటారు. ఏం తిన్నా సరే, ఉప్పునీళ్ళు పట్టించి కక్కించొద్దు. ఉప్పే రెండో విషమవుతుంది.

డెంకణికోట, తళి అడవి అంచు పొలాల్లో పాము, అడవిపంది రెండూ ఉన్నాయి. రక్తపింజరి మీదికి ముక్కు పెట్టిన కుక్కకు మూతి గంటలో వాచిపోతుంది. కోయడం, కట్టుకట్టడం, పసరు పోయడం ఏదీ వద్దు. నడిపించకుండా ఎత్తుకుపోవాలి. మనుషులకిచ్చే విషవిరుగుడు సూదిమందే దానికీ ఇస్తారు. పంది కోరకు పొట్ట చీరి పేగు బయటపడితే లోపలికి తొయ్యకండి. సలైనుతో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి, దుప్పటి మీద పడుకోబెట్టి నలుగురు నాలుగు కొసలు పట్టుకోవాలి.

పందితో పోరాడిన కుక్కలకు మన చుట్టుపక్కల చరిత్రలోనూ చోటుంది. కర్ణాటకలోని ఆతకూరులో 949-50 నాటి శాసనం, గంగరాజు బూతుగుడు తన వీరుడు మణలేరుడికి ఇచ్చిన కాళి అనే వేటకుక్క కథ చెబుతుంది. అది పెద్ద అడవిపందితో కలబడి చంపి తానూ చచ్చిపోయింది. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది. ఇటు తిరువణ్ణామలై జిల్లా ఎడత్తనూరులో పల్లవ మహేంద్రవర్మ కాలపు వీరగల్లు ఒకటుంది. దొంగల్ని కరిచి నిలబడిన కోవివన్ అనే కుక్క యజమాని పక్కనే రాతిలో కనిపిస్తుంది. రాళ్ళు నిలిపి, పేర్లు చెక్కి, పూజలకు మాన్యాలు ఇచ్చారు సరే. ఒక్క గాయానికి కట్టుకట్టినట్టు మాత్రం ఎక్కడా రాయలేదు. మన దేశంలో కుక్కకు గౌరవం ఎక్కువగా పోయాకే అందుతుంది.

డబ్బా మూత లోపల ఒక కాగితం అంటించుకోండి. దగ్గరి పశువైద్యుడి నంబరు, రాత్రి పూట ఫోనెత్తే ఇంకొకరి నంబరు, సంచార పశు అంబులెన్సు 1962. బెంగళూరులోని హెబ్బాళ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి మనకు దగ్గరే అనిపిస్తుంది గానీ సిల్క్‌బోర్డు ట్రాఫిక్‌లో ఆ దగ్గరితనం ఎంతో హోసూరువాళ్ళకు చెప్పక్కర్లేదు. ఇటు నామక్కల్ కాలేజీ ఇంకా దూరం. కాబట్టి ముందుగానే ఫోనులో చెప్పి బయలుదేరడం కూడా చికిత్సలో భాగమే. కాగితం మీద కుక్క బరువూ రాసుకోండి. డాక్టరు ముందుగా అడిగేది అదే. లోతైన ఛాతీ ఉన్న జర్మన్ షెపర్డో గ్రేట్‌డేనో పొట్ట డోలులా ఉబ్బి, కక్కబోయి ఏమీ రాక అల్లాడుతుంటే డబ్బా తెరవనే వద్దు. కడుపు మెలిపడి ఉంటుంది, సోడా తాగించడంలాంటివి చేయకుండా బండి తీయండి.

డబ్బాలో సబ్బు కూడా ఉండాలి, కుక్క కోసం కన్నా మన కోసం. కుక్క కాటుకు చెప్పుదెబ్బ అన్న సామెత ఇంకా వాడుకలోనే ఉంది. కాటు మీద సున్నం, కారం పెట్టేవాళ్ళూ ఉన్నారు. కావాల్సిందల్లా పారే నీళ్ళూ, సబ్బూ, 15 నిమిషాలూ. రేబిస్ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని చీలుస్తుంది. ఆ తర్వాత ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మంలోకి సూదులు, 0, 3, 7, 28వ రోజుల్లో. లోతు గాయమైతే మొదటి రోజే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా. మన కుక్కే కదా, టీకా వేయించాం కదా అని ఊరుకోకుండా డాక్టరునే తేల్చనివ్వాలి. బొడ్డు చుట్టూ 14 సూదుల కథ విని భయపడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 1907లో కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూటు తెరిచాక దశాబ్దాలపాటు దక్షిణాదిని భయపెట్టిన, కాపాడిన సూదులవి. గొర్రె మెదడుతో చేసే ఆ పాత మందును మన దేశంలో ఆపేసి ఇరవై ఏళ్ళయింది. భయం మాత్రం ఇంకా ఆగలేదు.

ఇంత సర్దాక మిగిలే చిక్కు ఇంట్లోవాళ్ళతో. అవసరం వచ్చే సమయానికి క్రేప్ బ్యాండేజీ అవ్వ మోకాలికి ఉంటుంది, కత్తెర పాలప్యాకెట్ల దగ్గర ఉంటుంది. అవి మళ్ళీ కొనుక్కోవచ్చు. థర్మామీటరు విషయంలో మాత్రం జాగ్రత్త. దాని మీద టేపు అంటించి, ఇంట్లో ఎవరు ఏ భాష చదువుతారో ఆ భాషలన్నిటిలోనూ "కుక్కది" అని రాయాలి. మా పక్కింటి అక్క తమిళంలో మాత్రమే రాసి పెట్టింది. చిత్తూరు నుంచి వచ్చిన వాళ్ళత్తకు ఒకరోజు ఒళ్ళు వెచ్చగా అనిపించి, డబ్బాలోంచి తీసి నాలుక కింద పెట్టుకుందట.

"జొరం లేదులేమ్మా, నూటికి తక్కువే ఉండాది" అని ఆవిడ అంటుంటే అక్క గ్యాసు కట్టేసి పరుగెత్తింది.