ఆ 40 రోజులు ఎవరిస్తారు? (ఏడో భాగం)



ఇప్పటికి ఆరు భాగాలు రాశాను. మా మాదిగవాడ, సాంఘిక సంక్షేమ హాస్టల్, పేరు మార్చుకోవడం, ఉద్యోగం తేని డిగ్రీ, అన్నీ రాశాను. అన్నిటికంటే ఎక్కువమంది అడిగిన ప్రశ్న మాత్రం ఒక్కటే. "అక్కా, మీకు ఆపరేషన్ అయిందా?" అడిగినవాళ్ళలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళున్నారు, సంఘం పెద్దలున్నారు. బట్టల లోపల ఏముందని వేరే మనిషిని ఎవరినైనా ఇలా అడుగుతామా? ట్రాన్స్ మనిషిని మాత్రం అడిగేయొచ్చు అనుకుంటారు. దయచేసి ఇక ముందు ఎవరినీ అడగకండి. నేను ఈ ఒక్కసారి జవాబు చెప్తున్నాను. ఎందుకంటే మూడేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నది కూడా ఇదే. మన పిల్లలు కొందరు ఇదే మాట పట్టుకుని రాత్రి పదకొండు దాటాక నాకు ఫోన్ చేస్తున్నారు.

కాలేదు. చేయించుకోవాలా, వద్దా, చేయించుకుంటే ఎంతవరకు అన్నదే ఈ భాగం.

తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. మా హిజ్రా జమాత్‌లో దీన్ని నిర్వాణం అంటారు. వృషణాలు, అంగం రెండూ తీసేయడం. పూర్వం బహుచరా మాత పేరు తలుచుకుని దాయమ్మ చేసేది. ఇప్పుడు ఎక్కువమంది డాక్టర్ల దగ్గరికే పోతున్నారు గానీ 40 రోజుల నియమం అట్లాగే ఉంది. ఆ 40 రోజులు గడప దాటొద్దు, అద్దం చూడొద్దు, మగవాళ్ళ మొహం చూడొద్దు. 40వ రోజు పసుపు, స్నానం, మెహందీ, కొత్త చీర. జమాత్ అంతా వస్తుంది. ఆ రోజు నుంచి ఆ మనిషి లెక్క వేరే. నిర్వాణం కానివాళ్ళను ఆక్వా అంటారు. నేను ఆక్వాను.

"ఎన్నేండ్లు ఆక్వాగ ఉంటవ్ బిడ్డా? నిర్వాణమైతే నీ ఇజ్జత్ వేరే ఉంటది" అని మా గురు పండక్కీ పబ్బానికీ అంటూనే ఉంటుంది. ఆమెది చెడ్డ మనసు కాదు. ఇంట్లోంచి గెంటేస్తే నాకు అన్నం పెట్టింది ఆమే. కానీ కొత్త చేలాలు నా తర్వాత వచ్చి, నిర్వాణం చేసుకుని, నాకంటే పైన కూర్చుంటున్నారు. ఆ మాట నాకు గుచ్చుకోలేదని చెప్తే అబద్ధం.

యూనివర్సిటీ మిత్రులది ఇంకో రకం. "జెండర్ సామాజిక నిర్మాణం కదా, శరీరాన్ని ఎందుకు కోసుకోవడం?" అని ఒక కామ్రేడ్ నాకు గంటసేపు చెప్పాడు. మంచివాడే. పొద్దున గడ్డం గీసుకుంటూ అతను ఎప్పుడూ ఏడ్చి ఉండడు. నేను ఏడ్చాను, బయటికి వినపడకుండా నల్లా తిప్పి.

చట్టం సంగతి కూడా ఇలాగే ఉంది. 2014 ఏప్రిల్ 15న నల్సా తీర్పులో సుప్రీంకోర్టు, జెండర్ చెప్పుకోవడానికి ఆపరేషన్ కావాలని పట్టుబట్టడం అనైతికం, చట్టవిరుద్ధం అన్నది. ఎంత సంబరపడ్డామో! 2019లో పార్లమెంటు చట్టం చేసింది. దాని ప్రకారం ట్రాన్స్‌జెండర్ అనే సర్టిఫికెట్ కలెక్టర్ దగ్గర అఫిడవిట్‌తో వచ్చేది, డాక్టర్ పరీక్ష అక్కర్లేకపోయేది. అదే 'స్త్రీ' అని రాయాలంటే 7వ సెక్షన్ ఉంది. సర్జరీ కావాలి, ఆసుపత్రి పెద్ద డాక్టర్ కాగితం కావాలి. మా గురుది, ఆ సెక్షన్‌ది ఒకటే మాట. కోసుకొని రా, అప్పుడు చూద్దాం.

ఇక్కడ ఒక పక్కమాట. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. 1994లో ఈదుముడిలో మొదలైన దండోరా 30 ఏళ్ళ తర్వాత ఫలించింది. మా వాడలో డప్పు కొట్టారు, నేనూ ఆడాను. గ్రూప్-2లో మాదిగలం. కానీ నా కుల సర్టిఫికెట్ మీద పాత పేరుంది, ట్రాన్స్ కార్డు మీద కొత్త పేరుంది. ఒక కిటికీ దగ్గర మాదిగను, ఇంకో కిటికీ దగ్గర ట్రాన్స్‌ను. రెండూ నేనే అని నమ్మే కిటికీ ఇంకా దొరకలేదు. నల్సా తీర్పు మమ్మల్ని వెనకబడిన తరగతిగా చూడమంది. ఎస్సీ ట్రాన్స్ మనిషి తన ఎస్సీ హక్కు వదులుకోవాలా? అందుకే గ్రేస్ బాను లాంటివాళ్ళు హారిజాంటల్ రిజర్వేషన్ అడుగుతున్నారు. దాని మీద వేరే భాగం రాస్తాను.

ఈ కత్తి చుట్టూ చట్టం తిరగడం కొత్త కాదు. నిజాం రాజ్యంలో 1329 ఫస్లీలో, అంటే 1919లో, హైదరాబాదులో మావాళ్ళ పేర్లు రిజిస్టరులో రాయాలని చట్టం తెచ్చారు. ఆడబట్టలు కట్టి వీధిలో ఆడినా పాడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. దాన్ని మనవాళ్ళు కోర్టుకు లాగితే 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. ఈలోగా వందేళ్ళు దాటాయి. అటు ఐపీసీ 320వ సెక్షన్‌లో తీవ్రమైన గాయాల జాబితా ఉండేది, అందులో మొట్టమొదటిది ఇదే. కొత్త న్యాయ సంహితలోనూ మొదటిది ఇదే. డాక్టరు రోగి మేలు కోరి, ఒప్పుకోలుతో చేస్తే నేరం కాదని అదే చట్టంలో ఉన్నా, చాలామంది డాక్టర్లు చెయ్యి పెట్టడానికి జంకారు. దాంతో ఈ పని వెనక గదుల్లోకి పోయింది. వెనక గదుల్లోకి ఎవరు పోతారు? డబ్బున్నవాళ్ళు థాయిలాండ్ పోతారు. లివింగ్ స్మైల్ విద్య తమిళ దళిత ట్రాన్స్ మహిళ, ఎం.ఏ. చదివింది. పూణేలో రైళ్ళలో అడుక్కుని డబ్బు కూడబెట్టి, ఆపరేషన్ కోసం మన కడపకే వచ్చింది. తన ఆత్మకథ 'నాన్ విద్య'లో ఆ సంగతి దాచకుండా రాసింది. 2022లో నెల్లూరులో లాడ్జి గదిలో ఫార్మసీ విద్యార్థులు ఇద్దరు ఈ ఆపరేషన్ చేయబోతే ఒక ప్రాణం పోయింది. మన ప్రకాశం జిల్లా మనిషి. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ లాడ్జి గదికి పోయేంత తొందర ఎట్లా ఉంటుందో నాకు తెలుసు.

అందుకే ఫోన్ చేసే పిల్లలకు చెప్తున్నాను. 18 నిండకుండా ఈ మాట వద్దు. నిండినా లాడ్జి వద్దు, బ్లేడు వద్దు, యూట్యూబ్ వద్దు. తొందర మీది, నెత్తురూ మీదే.

శరీరం సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను నేర్చుకున్నంత చెప్తాను. మగ హార్మోను టెస్టోస్టెరాన్ దాదాపు 95 శాతం వృషణాల నుంచే వస్తుంది. వాటిని మాత్రమే తీస్తే ఆర్కిడెక్టమీ. చిన్న ఆపరేషన్, చాలామందిని అదే రోజో మర్నాడో ఇంటికి పంపుతారు. తర్వాత టెస్టోస్టెరాన్‌ను అణిచే మాత్రలు అక్కర్లేదు. కానీ ఒంట్లో ఏ హార్మోనూ లేకుండా ఉంటే ఎముకలు గుల్లబారతాయి, వేడి ఆవిర్లు వస్తాయి, నీరసం వస్తుంది. కాబట్టి ఈస్ట్రోజన్ ఏళ్ళ తరబడి వాడాల్సిందే. 'కోసుకుంటే అయిపోతుంది' అనేది అబద్ధం. పిల్లలు పుట్టరు, తిరిగి రావు. అంగం కూడా తీసేస్తే మూత్రం దారి మారుతుంది. ఆ దారి బిగుసుకుపోయి నానా అవస్థ పడ్డవాళ్ళను నేను దగ్గరుండి చూశాను. ఇంకో ముఖ్యమైన మాట: రేపు యోని నిర్మాణం చేయించుకోవాలనిపిస్తే మామూలుగా ఆ చర్మమే వాడతారు. అంతా ముందే తీసేసుకుంటే అప్పుడు పేగు ముక్క వాడాల్సి వస్తుంది, అది పెద్ద ఆపరేషన్. ఇవన్నీ కత్తి పెట్టకముందే డాక్టరును అడగాలి.

మెడికల్ షాపులో గర్భనిరోధక మాత్రలు కొనుక్కుని మింగడం మాలో మామూలు. నేనూ మింగాను. నెత్తురు గడ్డకట్టే ప్రమాదముందని తెలిశాక ఆపాను. 2021లో నారాయణగూడలో మిత్ర్ క్లినిక్ వచ్చాక మావాళ్ళు చాలామంది మొదటిసారి సరిగ్గా పరీక్షలు చేయించుకుని మందులు వాడారు. 2025 జనవరిలో అమెరికా నిధులు ఆపేస్తే అది మూతపడింది. వాషింగ్టన్‌లో ఒక సంతకం పడితే హైదరాబాదులో మళ్ళీ మెడికల్ షాపు మాత్రలకే పోయారు మా పిల్లలు.

ఇక డబ్బు. 2022లో ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ అన్నారు. ఏడాదికి 5 లక్షలు, ఆపరేషన్ కూడా అందులోనే. కాగితం మీద బాగుంది. నేను తిరిగిన రెండు ఆసుపత్రుల్లో కౌంటర్ దగ్గర ఆ పేరు విన్నవాళ్ళు లేరు. ఒక డాక్టరు నన్ను చూసి, పక్కనున్న జూనియర్లను పిలిచి "ఇదిగో కేసు" అన్నాడు. పోనీ, రేపు పథకం పక్కాగా అమలైందనుకుందాం. ఆపరేషన్ ఉచితం. మరి ఆ తర్వాత?

నా గది బోరబండలో మూడో అంతస్తు. బాత్రూం కింద, నాలుగు కుటుంబాలకు ఒకటే. అద్దె 4500. ఒక ఆఫీసులో డేటా ఎంట్రీ చేస్తాను, రానిరోజు జీతం రాదు. నీళ్ళు ఎవరు మోస్తారు? కట్టు ఎవరు మారుస్తారు? జ్వరమొస్తే ఆటో ఎవరు పిలుస్తారు? ఏ పథకంలోనూ దీని పద్దు లేదు.

గురు ఇంట్లో ఉంది. అది చెప్పకపోతే అన్యాయం. మా జమాత్‌లో నిర్వాణం అయిన మనిషిని పసిబిడ్డను చూసినట్టు చూస్తారు. జావ తాగిస్తారు, వేడినీళ్ళు పోస్తారు, రాత్రి ఇద్దరు మేలుకుంటారు. కులమేంటని ఎవరూ అడగరు, ఒకే తాళీలో తింటాం. మన దేశంలో ఏ ఆసుపత్రీ ఆ 40 రోజులు ఇవ్వదు. కానీ ఖర్చు గురు పెడుతుంది. అది అప్పు. నాకు తెలిసిన ఒక చెల్లె రెండేళ్ళుగా సిగ్నల్ దగ్గర మాంగ్తీ చేసి ఆ అప్పు కడుతోంది. వెట్టి ఎట్లా ఉంటుందో మా తాతలను చూసినవాళ్ళం కదా, ఆ లెక్క వినగానే నా ఒళ్ళు జలదరించింది. గురు దగ్గర కూడా ఆస్తులేం లేవు, ఆమె తన గురుకు కట్టాలి. ఎవరి మీదని కోప్పడతాం?

ఇంకోటి కూడా మనసులో తిరుగుతుంది. మా ఊళ్ళో మా పెద్దమ్మను చిన్నప్పుడే జోగినిగా ఇడిచారు. అమ్మవారి పేరు చెప్పారు, నిర్ణయం మాత్రం దొరది. 1988లో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చేసరికి పెద్దమ్మ జీవితం అయిపోయింది. మా ఇంట్లో ఆడమనిషి ఒంటి మీద నిర్ణయం ఎప్పుడూ బయటివాళ్ళే చేశారు. నిర్వాణం కూడా అమ్మవారి పేరు మీదే. ఇష్టపడి పోయేవాళ్ళకు అది పుణ్యం, నేను కాదనను. నేను పోతే ఎవరి మాట మీద పోతున్నట్టు? ఇజ్జత్ కోసమా, 7వ సెక్షన్ కోసమా? ఒక నోట్‌బుక్‌లో రెండు నెలలు రోజూ రాసుకున్నాను, ఇవాళ నన్ను బాధపెట్టింది ఏమిటని. గడ్డం అని ఉంది, గొంతు అని ఉంది, తెల్లవారుజామున ఒళ్ళు తన ఇష్టం వచ్చినట్టు చేసేది అని చాలాసార్లు ఉంది. అంగం ఉండటమే బాధ అని రెండుసార్లు ఉంది, ఆ రెండూ జమాత్ మీటింగుకు పోయొచ్చిన రోజులు.

కాబట్టి నా నిర్ణయం ఇది. ఆర్కిడెక్టమీ మాత్రమే. గవర్నమెంటు ఆసుపత్రిలో, సైకియాట్రిస్టు దగ్గర అసెస్‌మెంట్ అయ్యాక, ఎముకలు పరీక్ష చేయించుకున్నాక. ఇప్పుడొచ్చిన గొంతు, మొలిచిన గడ్డం దీంతో పోవని నాకు తెలుసు. గడ్డానికి లేజర్ వేరే. మిగతాది వద్దు, ఇప్పటికైతే వద్దు. మా గురుకు చెప్పాను. "సగం కోసుకొని వస్తే రీత్‌ల లెక్కకు రాదు బిడ్డా" అంది. లెక్కకు రాకపోతే ఆక్వాగానే ఉంటాను. 7వ సెక్షన్ కింద దీన్ని ఒప్పుకుంటారో లేదో అప్పుడు కొట్లాడతాను. కామ్రేడ్‌కు ఇంకా చెప్పలేదు, ఇది చదివి తెలుసుకుంటాడు.

ఇది నా ఒంటి లెక్క. మీ నోట్‌బుక్‌లో వేరే ఉంటుంది. పూర్తి నిర్వాణం కావాల్సినవాళ్ళకు అదే కావాలి, ఏమీ అక్కర్లేనివాళ్ళకు ఏమీ అక్కర్లేదు. వాళ్ళను నాతో పోల్చి తక్కువ ఎక్కువ చేయొద్దు. సంఘాలకు మాత్రం ఒక మాట. ఉచిత ఆపరేషన్ అని డిమాండ్ రాసేటప్పుడు కింద ఇంకో లైను రాయండి, 40 రోజుల కూలీ, ఉండటానికి చోటు అని. గవర్నమెంటు ఉద్యోగి బిడ్డను కంటే 180 రోజుల సెలవు ఉంది. మా అమ్మ నన్ను కన్న పన్నెండో రోజు నాట్లకు పోయింది.

ఆ అమ్మకే పోయిన ఆదివారం ఫోన్ చేశాను. ఇంట్లోంచి పోయిన ఐదేళ్ళకు మాట్లాడటం మొదలుపెట్టింది, ఆ తర్వాత రెండేళ్ళకు "కొడుకా" పోయి "బిడ్డా" వచ్చింది. ఆపరేషన్ అని చెప్పాను, ఏది తీస్తారో కూడా చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. ఇక పిల్లలు పుట్టరు అమ్మా అన్నాను. "మనదేమన్న రాజుల వంశమా ఆగిపోనీకి" అంది. నవ్విందో ఏడ్చిందో ఫోన్‌లో తెలియలేదు.

"నొప్పి లేస్తే ఎవలు సూస్తరు?" అని అడిగింది.

అందుకే చేశానన్నాను.

"గిప్పుడు పత్తి ఏరుడుంది. సంక్రాంతి దాటనియ్యి. ఆడికి నేను రాలేను, మెట్లెక్కలేను. నువ్వే ఇంటికి రా. వాడల వాళ్ళు ఏమన్న అంటె నేను సూస్కుంట" అంది.

ఫిబ్రవరికి డేట్ అడుగుతున్నాను.