రంగు లేని రంగు

మన సినిమాల్లో డాక్టరుగారు ఎక్స్‌రే ఫిల్మును లైటుకేసి పట్టి, కళ్లజోడు తీసి, గంభీరంగా ఓ డైలాగు చెబుతారు. ఆ బొమ్మ అంత స్పష్టంగా ఎలా వచ్చిందో ఏ దర్శకుడూ చూపించడు. నేనూ ఎన్నడూ ఆలోచించలేదు, మా బాపు విషయంలో దెబ్బ తినేదాకా!

కిందటేడు సంగతి. సిద్దిపేటలో బాపుకు ఛాతీలో నొప్పి వచ్చింది. ఇక్కడి డాక్టరు ఈసీజీ చూసి, హైదరాబాదు వెళ్లి యాంజియోగ్రాం చేయించమన్నారు. వంద కిలోమీటర్ల ప్రయాణం. ముందురోజు రాత్రి నుంచి బాపు నీళ్లు కూడా ముట్టలేదు. "పరీక్ష ఉన్నది గద బిడ్డా, కడుపు ఖాళీగ ఉండాలె" అన్నాడు. నేనూ సరే అన్నాను.

ఆసుపత్రిలో ఓ కాగితం ఇచ్చారు. షుగరు ఉందా? నొప్పి మాత్రలు వాడుతున్నారా? ఈమధ్య క్రియాటినిన్ పరీక్ష చేయించారా? మా ముందున్నాయన నిజం చెబితే, కొత్త రిపోర్టు వచ్చేదాకా ఆగమన్నారు. నాకేమో సాయంత్రం ఆరింటికి సినిమా ప్రీవ్యూ, రాత్రికల్లా సమీక్ష ఇవ్వాలి. షుగరు ఉందని రాసి, నొప్పి మాత్రలు 'లేవు' అన్నాను. "రిపోర్టు బాగానే ఉందండీ, ఈమధ్యే చేయించాం" అని నోటితో చెప్పి సంతకం గీకేశాను. అది ఏడాది కిందటి రిపోర్టు. మోకాళ్ల నొప్పికి బాపు రోజూ గోలీలు మింగుతాడని నాకు తెలుసు. వాళ్లూ రిపోర్టు చూపించమని అడగలేదు.

గుండెలో పెద్ద అడ్డంకేమీ లేదు, మందులు చాలన్నారు. నేను హాయిగా ప్రీవ్యూకు వెళ్లాను!

మూడోనాడు బాపు కాళ్లు వాచాయి. మూత్రం తగ్గింది. అన్నం చూస్తే వాంతి. పాత రిపోర్టులో 1.2 ఉన్న క్రియాటినిన్ 2.9కి ఎక్కింది.

కిడ్నీ డాక్టరమ్మ అప్పుడు చెప్పారు ఈ 'డై' కథ. పేరుకు రంగే గానీ దీనికి రంగు లేదు, చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది. అందులోని అయొడిన్ ఎక్స్‌రే కిరణాలను అడ్డుకుంటుంది కాబట్టి రక్తనాళాలు తెర మీద కనిపిస్తాయి. పని అయ్యాక అది బయటికి పోయే దారి కిడ్నీలే. ఆరోగ్యంగా ఉంటే ఒక్కరోజులో దాదాపు అంతా పోతుంది. అవి అప్పటికే బలహీనంగా ఉంటే మాత్రం, లోపలి సన్న రక్తనాళాలు ముడుచుకుని ఆక్సిజన్ అందదు, వడపోత గొట్టాలు దెబ్బతింటాయి. రెండు మూడు రోజుల్లో క్రియాటినిన్ పెరుగుతుంది. చాలామందికి ఒకటి రెండు వారాల్లో మళ్లీ దిగుతుంది. అరుదుగా డయాలసిస్ దాకా పోతుంది.

"డై ఒక్కటే కారణమని చెప్పలేం. ఒంట్లో నీళ్లు తగ్గాయి, షుగరుంది... నొప్పి మాత్రలేమైనా వాడారా? కాగితంలో లేవని ఉందే?" అని ఆమె నావైపు చూశారు.

నా నోరు పెగల్లేదు. మంచం మీంచి బాపే అందుకున్నాడు. "నేనే చెప్పలేదమ్మా. పిలగానికి తెల్వదు."

వెయ్యి సినిమాలు చూసినవాణ్ణి. అలాంటి డైలాగు నన్నెప్పుడూ అంతగా కొట్టలేదు.

అలాగని డైని విలన్ చేయకండి! 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండులో డాక్టర్ మేసన్ సోన్స్ పరీక్ష చేస్తుండగా గొట్టం కొస జారి, డై పొరపాటున గుండె రక్తనాళంలోకే పోయింది. రోగి గుండె కొన్ని సెకన్లు ఆగింది. దగ్గించారు, మళ్లీ కొట్టుకుంది! నేటి గుండె యాంజియోగ్రాం పుట్టింది ఆ పొరపాటు నుంచే. చాలా ఏళ్లు దాన్ని మన సినిమాల్లాగే 35 ఎం.ఎం. ఫిల్ము మీద తీశారు. అమెరికా రేడియాలజీ, కిడ్నీ సంస్థలు 2020లో కలిసి చెప్పిన మాట కూడా వినండి. ఈ ప్రమాదాన్ని ఇదివరకు ఎక్కువగా అంచనా వేశారట. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ల విషయంలోనే అసలు జాగ్రత్త కావాలి. గుండెపోటు వచ్చినవాళ్లు డైకి భయపడి పరీక్ష మానుకుంటే ప్రాణానికే ముప్పు.

కనుక మిత్రులారా, రేపు మీ అమ్మనో నాన్ననో స్కానింగుకు తీసుకెళ్లేది మీరే. తాజా క్రియాటినిన్ రిపోర్టు చేత్తో పట్టుకెళ్లండి. షుగరు, కిడ్నీ జబ్బు, నొప్పి మాత్రలు ఏదీ దాచకండి. నీళ్లు ఎప్పటిదాకా తాగవచ్చో అడగండి. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఆపాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి, మనం కాదు.

బాపుకు సెలైన్ ఎక్కించారు, గోలీలు మాన్పించారు. రెండు వారాలకు క్రియాటినిన్ 1.4కి దిగింది. డయాలసిస్ గండం తప్పింది. ఇంటికొస్తుంటే దారిలో అడిగాడు, "ఆనాడు చూసిన సినిమా మంచిగున్నదా కొడుకా?"

సమీక్ష రాసింది నేనే. ఒక్క సీనూ గుర్తు రాలేదు.

"ఆ కాగితం మీద లేవని రాసింది నేనే బాపూ" అన్నాను.

"ఎరికే" అన్నాడు.