తాబేలా, మొసలా?

మా ఇంట్లో బొమ్మల కథల పుస్తకాలు ఖుర్ఆన్, హదీసు గ్రంథాలుండే అలమరలో ఉండేవి కావు. అబ్బా వాటిని మంచం కింది ట్రంకుపెట్టెలో దాచేవారు. అందులో ఎక్కువ భాగం ఏడాదికొక సంపుటంగా ఆయన బైండు చేయించిన చందమామలు. బైండు చేసినతను మందం తగ్గుతుందని అట్టలన్నీ చించి పారేశాడు. వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు అలా పోయాయి. విజయవాడ లెనిన్ సెంటరు పాత పుస్తకాల దుకాణాల చుట్టూ తిరగడం నేను ఆ అట్టల కోసమే ప్రారంభించాను. ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాను.

అమ్మీకి తెలుగు లిపి రాదు, ఉర్దూ మాత్రమే చదివేది. ఇషా నమాజు తరువాత నేను చదివి వినిపిస్తుంటే బొమ్మలు చూస్తూ కూర్చునేది. శంకర్ గారు గీసిన విక్రమార్కుడు భుజాన శవంతో కనిపించగానే "ఆగే క్యా హువా?" అని తొందరపెట్టేది. 2020లో ఆ చిత్రకారుడు కన్నుమూశారని చెబితే పేరు గుర్తుపట్టలేదు కానీ, "శవాన్ని మోసే రాజు బొమ్మ వేసినాయనేనా?" అని అడిగింది.

ఒక రాత్రి పంచతంత్రం బొమ్మల పుస్తకం తెరిచాను. మొసలి వీపు మీద కోతి. అమ్మీ పుస్తకాన్ని తనవైపు తిప్పుకుని, "మొసలి కాదు బేటా, తాబేలు. మా అబ్బా అలాగే చెప్పేవారు" అంది. నాకప్పుడు 11 ఏళ్లు. అచ్చయినదంతా సత్యమనుకునే వయసు. "చదవడం రానివాళ్లకేం తెలుస్తుంది?" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. మరునాటి నుండి కథ మధ్యలో మాట్లాడడం మానేసింది.

దాదాపు 30 ఏళ్ల తరువాత, బొమ్మలతో కూడిన 'కలీలా వ దిమ్నా' నా చేతికి వచ్చింది. మన పంచతంత్రమే పహ్లవీలోకి, అక్కడి నుండి 8వ శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా ద్వారా అరబీలోకి వెళ్లింది. కరటక దమనకులే అక్కడ కలీలా, దిమ్నా అయ్యారు. తన గ్రంథంలోని జంతువుల బొమ్మలు రాజుల మనసులకు ఆహ్లాదం కలిగించాలని ఆయన ముందుమాటలోనే రాసుకున్నాడు. కోతి కథ తీసి చూశాను. మొసలి లేదు. కోతిని మోస్తున్నది తాబేలు! ఫార్సీలోని 'అన్వారె సుహైలీ'లోనూ తాబేలే. నానాజాన్ చెప్పిన కథ ఈ దారిన మా ఇంటికి చేరిందన్నమాట.

నీటికాసుల వ్యాధి వల్ల ఇప్పుడు అమ్మీకి చూపు దాదాపు పోయింది. పుస్తకం ఒడిలో పెట్టి, "అమ్మీ, అది తాబేలే" అన్నాను.

"ఏది?" అంది. నిజంగా మరిచిపోయిందో, నా కోసం మరిచిపోయినట్లు ఉందో తెలియలేదు. అంతా చెప్పాను, ఆ రాత్రి నేనన్న మాటతో సహా. కాసేపు పేజీ మీద చేయి వేసి తడిమింది.

"బొమ్మ ఎలా ఉందో చెప్పు."

"చుట్టూ నీళ్లు. తాబేలు వీపు మీద కోతి ఒదిగి కూర్చుంది."

"భయపడుతోందా?"

"లేదు. తాబేలు అసలు సంగతి ఇంకా చెప్పలేదు."

"అయితే అక్కడి నుండి చదువు" అంది.