ధనుర్మాసం కబుర్లు: ఈ ఏడు మనల్ని విడిచి వెళ్లినవారు

ధనుర్మాసం వచ్చేసింది. తిరుమలలో వేకువజామున సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తోంది. వాకిళ్లలో ముగ్గులు రోజురోజుకీ పెద్దవవుతున్నాయి. తోపుడుబళ్ల మీద రేగుపళ్లు వచ్చాయి. హైదరాబాదులో పుస్తకాల పండుగ, అది కాగానే బెజవాడలో. సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు టిక్కెట్ల వేటలో ఉన్నారు. ఈ సందడి మధ్యే పత్రికలు 2025 లెక్కలు తీస్తాయి. ఆ లెక్కల్లో ‘కన్నుమూసిన ప్రముఖులు’ అని ఒక పేజీ ఉంటుంది. చిన్న ఫొటో, పుట్టిన ఏడు, పోయిన తేదీ, కింద రెండు వాక్యాలు. ఈసారి ఆ పేజీలో మనకు బాగా కావలసినవాళ్లు చాలామందే ఉన్నారు. రెండు వాక్యాలతో సరిపెట్టుకోదగినవాళ్లు కారు. అందుకే ఈ నెల కబుర్లన్నీ వాళ్లవే.

ఈ నెలలో గుడి మైకులోంచి అన్నమయ్య కీర్తన వినిపించని ఊరు అరుదు. కనుక గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారితోనే మొదలుపెడదాం. మార్చి 9న తిరుపతిలో ఆయన వెళ్లిపోయారు. 76 ఏళ్లు. రాజమండ్రిలో పుట్టారు. గాయని ఎస్. జానకి గారికి దగ్గరి బంధువు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టులో చేరి దాదాపు మూడు దశాబ్దాలు అక్కడే పనిచేశారు. దేవస్థానం ఆస్థాన విద్వాంసుడయ్యారు. కచేరీలు చేశారు, క్యాసెట్లు ఇచ్చారు, ఎందరికో నేర్పారు. వీటన్నిటికన్నా పెద్ద పని ఇంకొకటి చేశారు.

అన్నమయ్య కీర్తనలు తిరుమల గుడిలోని సంకీర్తన భాండారంలో రాగిరేకుల మీద దొరికాయి. 32 వేలు రాశాడని చెబుతారు, మనకు దక్కినవి 14 వేల పైచిలుకు. ఆ రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. ఎలా పాడాలో చెప్పే స్వరం మాత్రం లేదు. పదిహేనో శతాబ్దంలో ఆయన ఏ వరసలో పాడాడో ఈనాడు చెప్పగలిగేవాళ్లు లేరు. మరి మనం పాడుకుంటున్నదేమిటి? రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ల వారు, ఇంకొందరు విద్వాంసులు ఒక్కొక్క కీర్తన ముందు కూర్చుని కట్టిన బాణీలు. గరిమెళ్ల వారొక్కరే ఆరువందలకు పైగా కట్టారు. ‘వినరో భాగ్యము విష్ణుకథ’ వాటిలో ఒకటి. పెళ్లిపందిట్లో, భజనమండలిలో, బడి వార్షికోత్సవంలో, అమెరికాలో తెలుగువాళ్ల పిల్లలు పాల్గొనే పోటీల్లో అది వినిపిస్తుంది. పాడేవాళ్లలో చాలామంది ఆ వరస కూడా అన్నమయ్యదేననుకుంటారు. ఆయన కట్టిన వరస ఇన్ని గొంతుల్లో ఉంది, ఆయన పేరు మాత్రం ఆ నోళ్లలో లేదు.

ఈ ఏడు పోయినవాళ్ల గురించి తలుచుకుంటుంటే పదేపదే నా మనసుకు తట్టింది ఇదే. వాళ్లు చేసిన పనిని మనం రోజూ వాడుకుంటున్నాం. ఎవరు చేశారో చెప్పుకోవడం మానేశాం.

కృష్ణవేణి గారి సంగతే చూడండి. ఫిబ్రవరి 16న హైదరాబాదులో కన్నుమూశారు. అప్పటికి నిండా నూరేళ్లు దాటి రెండు నెలలు కూడా కాలేదు. 1936లో సి. పుల్లయ్య గారు పిల్లలతో తీసిన ‘సతీ అనసూయ’తో తెరమీదికి వచ్చారు. తర్వాత కథానాయిక, గాయని, నిర్మాత, శోభనాచల స్టూడియో నడిపిన మీర్జాపురం రాజా వారి భార్య. 1949లో ‘మనదేశం’ తీశారు. శరత్‌చంద్ర ‘విప్రదాస్’ నవల ఆధారంగా అల్లిన కథ, ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం, ఘంటసాల సంగీతం. సి.హెచ్. నారాయణరావు గారి సరసన ఆవిడే నాయిక. అందులో పోలీసు ఇన్‌స్పెక్టరుగా చిన్న వేషం వేసిన కుర్రాడు నందమూరి తారక రామారావు. అదే ఆయన తొలి సినిమా.

ఎన్టీఆర్ అంటే తెలియని తెలుగువాళ్లు లేరు. ఆయనకు మొదటి వేషం ఇచ్చిన సినిమా నిర్మాత ఒక ఆడమనిషి అని ఎందరికి తెలుసు? నిర్మాత కుర్చీలో ఆడవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టుకోవలసిన రోజులవి. అలాంటప్పుడు కొత్తవాళ్లను నమ్మి డబ్బు పెట్టడానికి ఎంత గుండెధైర్యం కావాలి! సంగీత దర్శకుడు రమేష్ నాయుడుకు తెలుగులో తొలి అవకాశం ఇచ్చిన ‘దాంపత్యం’ (1957) కూడా ఆవిడ సినిమానే. 2004లో రఘుపతి వెంకయ్య పురస్కారం అందుకున్నారు.

ఆ ‘సతీ అనసూయ’లోనే గంగ వేషం వేసిన చిన్నపిల్ల పేరు బాలసరస్వతి. తర్వాతి కాలంలో రావు బాలసరస్వతీదేవి. అక్టోబరు 15న ఆవిడా వెళ్లిపోయారు, 97 ఏళ్ల వయసులో. 1936లో ఒకే సినిమాలో ఆడిన ఇద్దరు పిల్లలు దాదాపు తొంభై ఏళ్ల తర్వాత ఒకే ఏడాది సెలవు తీసుకున్నారు. ఇద్దరూ జమీందారీ కుటుంబాల్లోకి కోడళ్లుగా వెళ్లినవాళ్లే. బాలసరస్వతి గారిది కొలంక సంస్థానం. నటీనటులే తెరమీద పాడుకోవలసిన రోజులు పోయి, తెర వెనక ఒకరు పాడే రోజులు వస్తున్న వేళ, 1943 నాటి ‘భాగ్యలక్ష్మి’లో కమలా కొట్నీస్‌కు ఆవిడ పాడారు. తెలుగులో తొలి నేపథ్య గాయనిగా ఆవిడను చెప్పుకోవడం అందుకే. రేడియోలో లలితసంగీతం అన్నదానికి మొదటి గొంతుల్లో ఆవిడదొకటి. ‘దేవదాసు’ (1953)లోనూ ఆ గొంతు ఉంది. గట్టిగా అరవకుండా, పక్కన కూర్చుని చెబుతున్నట్టు పాడటం ఆవిడ పద్ధతి. పెళ్లయ్యాక ఇంట్లోవాళ్ల ఇష్టం మేరకు పాట తగ్గించుకోవలసి వచ్చింది. సుశీల, జానకి వంటి మహాగాయనుల తరం రాకముందే బాట వేసిన మనిషి ఆవిడ. పాత పాటల కార్యక్రమాల్లో ఆవిడ పాట వేసినప్పుడు పేరు కూడా చెబితే ఎంత బాగుంటుంది.

జులైలో సినిమా అభిమానులకు ఒకటి వెంట ఒకటిగా రెండు దెబ్బలు తగిలాయి. 13న తెల్లవారుజామున కోట శ్రీనివాసరావు గారు. 83వ పుట్టినరోజు అయి మూడు రోజులే. మర్నాడు 14న బెంగళూరులో బి. సరోజాదేవి గారు.

కోట గారిది కృష్ణా జిల్లా కంకిపాడు. స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ నాటకాలు ఆడేవారు. 1978లో ‘ప్రాణం ఖరీదు’తో సినిమాల్లోకి వచ్చారు. చిరంజీవి తొలిసారి తెరమీద కనిపించిందీ ఆ సినిమాలోనే. 1985లో ‘ప్రతిఘటన’లో కాశయ్య పాత్రతో అందరూ ఆయనవైపు తిరిగి చూశారు. కంకిపాడు మనిషి తెలంగాణ మాటను అంత సహజంగా పలకడం అప్పట్లో పెద్ద సంచలనం. తెలంగాణ యాసను విలన్లకూ హాస్యగాళ్లకూ మాత్రమే ఇస్తున్నారని అప్పటి సినిమాల మీద విమర్శ ఉంది. న్యాయమైన విమర్శే అది. కానీ కోట గారు ఆ మాటను వెక్కిరింపుగా పలకలేదు. చెవిపెట్టి విని, విరుపులు పట్టుకుని, ఆ మాట మాట్లాడే మనిషి ఎలా నిలబడతాడో, ఎలా చూస్తాడో కూడా నేర్చుకుని పలికారు.

రెండేళ్లకు జంధ్యాల ‘అహ నా పెళ్లంట’లో పిసినారి లక్ష్మీపతి. వేలాడదీసిన కోడిని చూసుకుంటూ ఉత్త అన్నం తినే ఆ దృశ్యాన్ని సినిమా వచ్చాక పుట్టిన పిల్లలు కూడా చెప్పుకుని నవ్వుతారు. పిసినారి ఎవరైనా కనబడితే ‘లక్ష్మీపతి’ అనడం మనకు మామూలైపోయింది. ‘గణేష్’లో చూస్తే వెన్నులో చలి పుట్టించే మంత్రి. ‘ఆ నలుగురు’లో వడ్డీవ్యాపారి కోటయ్య. మనిషి పోయాక వెంట ఎవరొస్తారన్నదే ఆ సినిమా కథ. 750కి పైగా సినిమాలు, తొమ్మిది నందులు, 2015లో పద్మశ్రీ. 1999లో విజయవాడ తూర్పు నుంచి శాసనసభకూ వెళ్లారు. తెలుగు పాత్రలకు తెలుగు నటులను పెట్టుకోండి, మనవాళ్లలో లేనిదేముందని చివరిదాకా అడుగుతూనే ఉన్నారు. ఆ అడగడంలో తనకోసం ఏమీ లేదు. ఊళ్లలో నాటకాలు ఆడుకుంటున్నవాళ్ల కోసం అడిగారు. ఆ మాట పరిశ్రమ చెవిన వేసుకుంటే ఆయనకు అంతకన్నా నివాళి లేదు.

సరోజాదేవి గారు కన్నడ ఆడపడుచు. తెలుగులో ‘పాండురంగ మహాత్మ్యం’తో అడుగుపెట్టారు. ‘జగదేకవీరుని కథ’లో నాయిక, ‘సీతారామ కళ్యాణం’లో మండోదరి, ‘అమరశిల్పి జక్కన’లో అక్కినేని జోడీ, ‘దానవీరశూరకర్ణ’లోనూ ఒక పాత్ర. తమిళులు, కన్నడిగులు, తెలుగువాళ్లు ఎవరికివారు ఆవిడను తమ మనిషే అనుకున్నారు. పద్మభూషణ్ అందుకున్నారు.

కన్నడం మాట వచ్చింది కాబట్టి ఎస్.ఎల్. భైరప్ప గారినీ తలుచుకోవాలి. సెప్టెంబరు 24న 94 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన ‘వంశవృక్ష’ నవలనే బాపు గారు 1980లో తెలుగులో ‘వంశవృక్షం’గా తీశారు. అనిల్ కపూర్ మొదటిసారి హీరోగా చేసిన సినిమా అదే. పుస్తకాల పండుగకు వెళ్లేవాళ్లు ఆయన నవలల తెలుగు అనువాదాల కోసం అడిగి చూడండి.

ఇక సినిమాలతో, కచేరీలతో సంబంధం లేని ఒక పెద్దాయన. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో ఏప్రిల్ 12న వనజీవి రామయ్య గారు పోయారు. అసలు ఇంటిపేరు దరిపల్లి. మొక్కలే లోకమయ్యాక ‘వనజీవి’ ఇంటిపేరయింది. మెడలో చెట్లను కాపాడమని రాసిన పలక, సైకిలు మీద మొక్కలు, జేబు నిండా విత్తనాలు. రోడ్డు పక్కన, కాలవ గట్టున, గుడి దగ్గర, బడి దగ్గర, ఎక్కడ చోటు కనబడితే అక్కడ నాటారు. వేప, రావి, మారేడు, గంధం, కదంబం. అలా ఆయన నాటినవి కోటికి పైనేనని చెబుతారు. భార్య జానమ్మ గారు ఆ పనిలో చివరిదాకా తోడున్నారు. మనవలకు, మనవరాళ్లకు కూడా చెట్ల పేర్లు, పూల పేర్లు పెట్టుకున్నారు. 2017లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఆ పలక మెడలో వేసుకునే తిరిగారు, వచ్చిన తర్వాతా అలాగే తిరిగారు. ఎండవేళ ఖమ్మం దారుల్లో చెట్టు కింద బండి ఆపుకునేవాడికి ఆ చెట్టు ఎవరు నాటారో ఏం తెలుస్తుంది? అది తెలియాలని ఆయనా ఎన్నడూ కోరుకోలేదు. మనం తెలుసుకోవాలి, ఆయన కోసం కాదు, మన పిల్లల కోసం.

నవంబరు 10న అందెశ్రీ గారు హఠాత్తుగా వెళ్లిపోయారు. 64 ఏళ్లు, పోవలసిన వయసు కాదు. పాత వరంగల్ జిల్లా, ఇప్పటి సిద్దిపేట జిల్లా రేబర్తి ఆయన ఊరు. అమ్మానాన్నలు లేకుండా పెరిగారు. పశువులు కాశారు, తాపీ పని చేశారు. బడికి వెళ్లి చదువుకున్నది లేదు. పాట ఆయనకు దానంతట అదే వచ్చింది. మనుషుల్లో మనిషితనం కరవైపోతోందని ఆయన కట్టిన పాట ‘ఎర్రసముద్రం’ సినిమా దాటి ఊరూరా పాకింది. ‘జయ జయహే తెలంగాణ’ ఉద్యమకాలంలో సభల్లో, బడుల్లో, ఊరేగింపుల్లో జనం పాడుకున్నారు. రాష్ట్రం వచ్చి పదేళ్లకు, 2024 జూన్ 2న, కీరవాణి స్వరాలతో అది రాష్ట్ర గీతమైంది. కాకతీయ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఘట్‌కేసర్‌లో ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. బడిమెట్లు ఎక్కని మనిషి రాసిన పాటను ఇప్పుడు బడిపిల్లలు నిలబడి పాడుతున్నారు. టీచర్లు ఈ సంగతి పిల్లలకు ఒక్కసారి చెప్పినా చాలు, చదువు సరిగా అందని ఇళ్లనుంచి వచ్చే పిల్లలకు అది ఎంత ధైర్యమో!

ఆగస్టు 22న సురవరం సుధాకర్ రెడ్డి గారు పోయారు. నల్గొండ నుంచి రెండుసార్లు లోక్‌సభకు వెళ్లారు, భారత కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శిగా ఏడేళ్లు పనిచేశారు. విద్యార్థి ఉద్యమం నుంచి ఎదిగిన నాయకుడు. మాటలో దురుసుతనం లేదు, ఎదుటి పక్షంవాళ్లూ గౌరవించారు. ఆయన భౌతికకాయాన్ని కుటుంబసభ్యులు సికింద్రాబాద్ గాంధీ వైద్య కళాశాలకు అప్పగించారు. డాక్టరు చదువు చదివే పిల్లలకు పాఠంగా ఉపయోగపడాలని.

ఇంతమందిని తలుచుకున్నాక నేను అడిగేది ఒక్కటే. పండగ రోజుల్లో ఇంట్లో అన్నమయ్య కీర్తన పాడితే, బాణీ ఎవరు కట్టారో కనుక్కుని ఆ పేరు చెప్పండి. టీవీలో పాత సినిమా వస్తే పేర్లు పడేదాకా ఆగి, నిర్మాత ఎవరో, పాడిందెవరో పిల్లలకు చూపించండి. రేగుపళ్లు తిన్నాక, సీతాఫలం తిన్నాక గింజలు చెత్తబుట్టలో వేయకుండా ఆరబెట్టి దాచి, తొలకరికి ఖాళీ జాగాలో చల్లండి. ఎందుకని పిల్లలు అడిగితే రామయ్య తాత కథ చెప్పండి. చేసిన పనికి చేసినవారి పేరు జతచేసి తర్వాతి తరానికి అందించడమే నిజమైన నివాళి. అది ప్రభుత్వాలు చేయగలిగిన పని కాదు, మన ఇళ్లలో జరగవలసిన పని.