దిగేటప్పుడే గండం

వేడిగాలి బెలూన్‌కు ఇంజనూ ఉండదు, స్టీరింగూ ఉండదు. బర్నర్ మండిస్తే లేస్తుంది, పైనున్న గుడ్డ మూతను తాడుతో తెరిస్తే వేడిగాలి పోయి దిగుతుంది. ఎటు పోవాలన్నది గాలి ఇష్టం. అందుకే ఎక్కడ దిగేదీ ముందే ఖాయం చేసుకోవడం కుదరదు. పైలట్ గాలివాటున వెళ్తూనే ఖాళీ చేను వెతుక్కుంటాడు. ఆ చేనుకు అడ్డంగా కరెంటు తీగ ఉంటే అదే పెద్ద గండం.

రామగుండం విద్యుత్ కేంద్రం నుంచి పొలాల మీదుగా సాగే హైటెన్షన్ లైన్లు మంథనివైపు వాళ్లకు కొత్త కాదు. టెక్సస్‌లో, తెలుగు కుటుంబాలు చాలా ఉన్న ఆస్టిన్‌కు దక్షిణాన, లాక్‌హార్ట్ పొలాల మీదా అలాంటి తీగలే. 2016 జూలై 30 ఉదయం ఒక బెలూన్ వాటికి తగిలి, మంటలంటుకుని కూలింది. పైలట్‌తో కలిపి 16 మందీ చనిపోయారు. అమెరికాలో ఇంత ఘోరమైన బెలూన్ ప్రమాదం మరొకటి లేదు. ఆ ఉదయం బయల్దేరడమే కాక, పొగమంచులోనూ మబ్బుల పైనా సాగడం, వాటి దగ్గర్లోనే దిగబోవడం వల్ల అడ్డంకులు కనబడే వీలు తగ్గిందని అక్కడి రవాణా భద్రతా మండలి తేల్చింది. అంటే తప్పు తీగ దగ్గర మొదలు కాలేదు, నేల విడిచినప్పుడే మొదలైంది. నిబంధనల్లోనూ లోటు ఉంది: డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించుకునే బెలూన్ పైలట్లకు అప్పట్లో అమెరికాలో వైద్య పరీక్ష తప్పనిసరి కాదు. ఆ నిబంధన ఖరారయ్యేసరికి 2022 వచ్చింది. ఆరేళ్లు!

న్యూజిలాండ్‌లోని కార్టర్టన్‌లో 2012 జనవరి 7న 11 మందిని బలిగొన్నదీ తీగలే. తీగ తప్పదనిపిస్తే మంట పెంచి పైకి లేవాలని చూడకూడదు, మూత తెరిచి గబగబా దిగిపోవాలి. బెలూన్ గుడ్డకు తీగ తగలడం కన్నా జనం నిలబడే బుట్టకు తగలడం ఎక్కువ ప్రమాదం. ఈజిప్టులోని లగ్జర్‌లో 2013 ఫిబ్రవరి 26న తీగలతో పని లేకుండానే, దిగే సమయంలో నిప్పంటుకుంది. పైలట్ దూకేశాడు. బెలూన్ మళ్లీ లేచి కూలి 19 మంది పోయారు.

ప్రయాణికుడి చేతిలో ఉన్నది కొద్దే. దిగేముందు ఫోను జేబులో పెట్టి, వెళ్తున్న దిక్కుకు వీపు పెట్టి, మోకాళ్లు కాస్త వంచి, బుట్ట లోపలి తాడు పిడులు గట్టిగా పట్టుకోవాలి. గాలి జోరుగా ఉంటే బుట్ట ఒరిగి చేనులో కొంతదూరం ఈడ్చుకుపోతుంది. ఆ సమయంలో చెయ్యి బయట పెట్టకూడదు. ఆగింది కదా అని ఒకరు దూకితే ఆ బరువు తగ్గి, మిగిలినవాళ్లతో బుట్ట మళ్లీ పైకి లేవొచ్చు. దిగమని పైలట్ చెప్పేదాకా లోపలే ఉండాలి.